గట్టు మీది పుప్పొడి

ఢిల్లీలో గోల్ డాక్‌ఖానా నుంచి విండ్సర్ ప్లేస్ మీదుగా ఇండియా గేటు వైపు సాగే అశోకా రోడ్డును తెలుగువాళ్లకు కొత్తగా పరిచయం చెయ్యక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్ భవన్, తెలంగాణ భవన్ ఉన్న రోడ్డు అది. అక్కడి క్యాంటీన్ భోజనానికి వరసలో నిలబడేవాళ్లలో తెలుగు రానివాళ్లు కూడా బోలెడంత మంది. దసరా ముందు బతుకమ్మ రోజుల్లో ఆ ఆవరణలో పాటలు వినిపిస్తాయి. తంగేడు, బంతి, చామంతి ఎన్ని తెచ్చినా, వెండి మెరుపుతో నిటారుగా నిలబడే గునుగు పూలు పేర్చనిదే బతుకమ్మకు నిండుదనం రాదు.

అదే గునుగు చేలో కనిపిస్తే రైతు పీకి గట్టు మీద పారేస్తాడు. శాస్త్రజ్ఞులు సెలోషియా అర్జెంషియా అని పిలిచే ఈ మొక్క తోటకూర కుటుంబానికి చెందింది. వానాకాలంలో జొన్న, కంది, వేరుశనగ, పొద్దుతిరుగుడు, ఏ మెట్ట పంట వేసినా సాళ్ల మధ్య గుంపులుగా లేస్తుంది. నల్లగా మెరిసే దాని సన్నని గింజలు ఒక్కసారి రాలాయంటే మరుసటి ఏడు కలుపు కూలీల ఖర్చు పెరిగినట్టే. అయినా లేత గునుగు ఆకును కూర వండుకునే ఊళ్లు ఇప్పటికీ ఉన్నాయి. జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన మహిళా రైతులు, చేలల్లో తమంతట తాము మొలిచే ఆకుకూరలను పేరుపేరునా గుర్తుపట్టి వండుతారు. గునుగు, జొన్న చెంచలి, దొగ్గలి కూర, తుమ్మి కూర వాళ్లకు విత్తకుండా వచ్చిన పంట.

ఒక మొక్క కలుపు అవుతుందా లేదా అనేది దాని పుట్టుకను బట్టి తేలదు. ఎక్కడ మొలిచింది, ఎప్పుడు మొలిచింది, ఎంత దట్టంగా మొలిచింది అన్నవి చూడాలి. పొద్దుతిరుగుడుకు వచ్చేసరికి ఇంకో చిక్కు కూడా ఉంది. తెలుగు నేలన ఈ పంటను గట్టిగా దెబ్బతీసిన కలుపు చాలాసార్లు చేను లోపల లేనే లేదు. గట్టు మీదా, బండ్ల బాట పక్కనా నిలబడి దూరం నుంచే నష్టం చేసింది. ఆ కథలోకి వెళ్లేముందు చేను లోపలి సంగతి చూడాలి.

పొద్దుతిరుగుడు మన పాత పంట కాదు. ఉత్తర అమెరికా మూలవాసులు వేల ఏళ్ల కిందట సాగులోకి తెచ్చిన మొక్క ఇది. యూరప్ మీదుగా రష్యా చేరి నూనె పంటగా స్థిరపడింది. అక్కడ పుస్తవోయిత్ అనే శాస్త్రవేత్త దశాబ్దాల తరబడి మొక్కలను ఏరి, గింజలో నూనె పాలును యాభై శాతం దాకా తీసుకెళ్లాడు. ఆ సోవియట్ రకాలే 1969లో మన దేశానికి వచ్చాయి. 1977లో హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో నూనెగింజల పరిశోధన డైరెక్టరేట్ ఏర్పడింది. ఇప్పటి భారతీయ నూనెగింజల పరిశోధన సంస్థ అదే. 1980లో బెంగళూరు నుంచి తొలి సంకర రకం బీఎస్‌హెచ్-1 వచ్చింది. కర్నూలు నల్లరేగళ్లలో, అనంతపురం, మహబూబ్‌నగర్ ఎర్రనేలల్లో పసుపు పూల చేలు పరుచుకున్నాయి. 1990లలో దేశం మొత్తం మీద సాగు ఇరవై లక్షల హెక్టార్లు దాటింది.

పుట్టిన చోట మాత్రం ఈ మొక్కే కలుపు. కాన్సాస్, నెబ్రాస్కా రైతులు మొక్కజొన్న, సోయా చేలలో లేచే అడవి పొద్దుతిరుగుడును వదిలించుకోవడానికి ఏటా పాట్లు పడతారు. నిలదొక్కుకున్న పొద్దుతిరుగుడు పక్కవాటికి వెలుతురు అందనివ్వదు. పైగా ఆకులు, వేళ్ల నుంచి ఇతర గింజల మొలకను అణచే రసాయనాలు విడుస్తుంది. పెద్దదైన తర్వాత ఇంత గట్టి మొక్క, తొలి నెలలో ఎందుకు అంత సులువుగా ఓడిపోతుంది?

విత్తే దూరంలో సగం జవాబు ఉంది. నల్లరేగళ్లలో సాళ్ల మధ్య 60 సెంటీమీటర్లు, మొక్కల మధ్య 30 సెంటీమీటర్లు పెడతారు. తేలిక నేలల్లో సాళ్ల ఎడం 45 సెంటీమీటర్లు. మొలిచిన తొలి రెండు మూడు వారాలు పొద్దుతిరుగుడు నిదానంగా ఎదుగుతుంది. ఆ వ్యవధిలో సాళ్ల నడుమ నేలంతా ఖాళీగా, తడిగా, ఎండ పడుతూ ఉంటుంది. గలిజేరు, గంగపావిలి, చెంచలి, ఊద, వెన్నదేవి కూర, నేల ఉసిరి, రెడ్డివారి నానుబాలు అన్నిటికీ కావలసింది అలాంటి చోటే. నలభై అయిదు రోజులు దాటి ఆకులు కలుసుకున్నాయంటే పంట తన బాగు తానే చూసుకోగలదు. అందుకే మన వ్యవసాయ శాస్త్రవేత్తలు మొదటి ఆరు వారాలను కీలక దశ అంటారు. ఆ ఆరు వారాలూ కలుపును వదిలేస్తే దిగుబడి సగానికి పడిపోయిన ప్రయోగాలున్నాయి. అరవయ్యో రోజున చేను అద్దంలా శుభ్రం చేసినా పోయింది తిరిగి రాదు.

తిరిగి రాకపోవడానికి కారణం మొక్క చూపులో ఉంది. నిజంగానే మొక్కకు చూపు లాంటిది ఉంది. ఆకుల్లోని ఫైటోక్రోమ్ అనే వర్ణద్రవ్యం ఎరుపు కాంతికీ, ఎరుపుకు అంచున మన కంటికి దాదాపు కనిపించని దూర ఎరుపు కాంతికీ తేడా పసిగడుతుంది. పచ్చని ఆకులు ఎరుపును పీల్చుకుని దూర ఎరుపును వెనక్కి కొడతాయి. పక్కన కలుపు లేచిందంటే, దాని నీడ పడకముందే, ఆ మారిన కాంతిని బట్టి పొద్దుతిరుగుడు మొలకకు పోటీ వచ్చిందని తెలిసిపోతుంది. వెంటనే కాండాన్ని సాగదీస్తుంది. వేరుకూ ఆకుకూ పోవలసిన ఆహారం ఎత్తు పెరగడానికి ఖర్చవుతుంది. ఎరువూ నీరూ కలుపుతో పంచుకోవలసి రావడం ఒక నష్టమైతే, పోటీకి భయపడి మొక్క తన ఒడ్డూ పొడుగూ మార్చుకోవడం ఇంకో నష్టం. సన్నగా పొడుగ్గా సాగిన మొక్క, గింజ బరువు తలకెక్కే రోజున గాలికి పడిపోతుంది.

కలుపు గింజలు కూడా అదే వర్ణద్రవ్యంతో వెలుతురును కనిపెడతాయి. నేలలో లోతున ఏళ్ల తరబడి నిద్రపోయే చిన్న గింజలకు గుంటక తిరగేసిన మట్టిలో ఒక్క క్షణం వెలుతురు తగిలితే చాలు, మేల్కొంటాయి. దున్నగానే కలుపు పచ్చగా పొడుచుకురావడం వెనక ఉన్న రహస్యం ఇదే. పాత రైతులు విత్తడానికి ముందు ఒక వాన పడనిచ్చి, మొలిచిన కలుపును గుంటకతో తోలేసి, ఆ తర్వాతే గొర్రు కట్టేవాళ్లు. దానంత చవకైన, దానంత శాస్త్రీయమైన కలుపు నివారణ మరొకటి లేదని నా అభిప్రాయం. వానలు గాడి తప్పి, విత్తే అదను నాలుగైదు రోజులకు కుదించుకుపోయిన ఈ కాలంలో ఆ ఓపిక పట్టే వీలు రైతుకు దొరకడం లేదు.

తుంగ లెక్క వేరు. భూమి లోపల గడ్డల గొలుసు అల్లుకుంటూ పోతుంది కాబట్టి పైన కోస్తే కింద నుంచి మళ్లీ లేస్తుంది. వేసవి దుక్కిలో గడ్డలు పైకి తేలి ఎండకు మాడితేనే తగ్గుతుంది. గరిక కూడా దాదాపు అంతే.

ఇక మందుల సంగతి. తెలుగు రాష్ట్రాల్లో పొద్దుతిరుగుడుకు ఎక్కువగా వాడేది పెండిమిథాలిన్. విత్తిన ఒకటి రెండు రోజుల్లోపు, నేల తడిగా ఉన్నప్పుడు ఎకరాకు 200 లీటర్ల నీటిలో కలిపి కొడతారు. కణం రెండుగా చీలేటప్పుడు లోపల సన్నని గొట్టాల అమరిక ఒకటి ఏర్పడాలి. పెండిమిథాలిన్ ఆ గొట్టాలను కట్టనివ్వదు. దాంతో మొలక వేరు కొన అక్కడే ఆగిపోతుంది. మరి పొద్దుతిరుగుడు మొలక ఎందుకు చావదు? మందు నేల పైపొర దాటి కిందికి దిగదు. కలుపు గింజలు సన్నవి, ఆ పైపొరలోనే మొలుస్తాయి. మన విత్తనం నాలుగైదు సెంటీమీటర్ల లోతున ఉంటుంది, దాని వేరు మందు లేని చోట సాగుతుంది. అందుకే ఈ మందు కొట్టిన చేలో వెంటనే అడుగుపెట్టి మట్టి కదిలిస్తే పని చెడుతుంది. పైపైన విత్తితే పంటకే దెబ్బ.

మొలిచాక గడ్డి జాతి కలుపు మీద కొట్టే క్విజలోఫాప్ లాంటి మందుల్లో మరో అందమైన జీవరసాయనం దాగుంది. కొవ్వు తయారీకి ప్రతి మొక్కలో ఏసీసీఏజ్ అనే ఎంజైము ఉంటుంది. గడ్డి జాతి మొక్కల ఆకుపచ్చ కణాంగాల్లో అది ఒక రూపంలో, వెడల్పాకు మొక్కల్లో మరో రూపంలో ఉంటుంది. మందు గడ్డి రూపానికి మాత్రమే అతుక్కుంటుంది. ఊద చస్తుంది, పొద్దుతిరుగుడుకు చీమ కుట్టినట్టు కూడా ఉండదు. కానీ చెంచలి, గలిజేరు, గునుగు కూడా వెడల్పాకువే. వాటికీ ఏమీ కాదు. వెడల్పాకు కలుపును చంపి వెడల్పాకు పంటను బతికించే మందు దొరకడం ఎప్పుడూ కష్టమే. ఆ పని ఈనాటికీ దంతీ, కూలీల చేతులే చేస్తున్నాయి. ఇంకో ప్రమాదం పక్క చేలో పొంచి ఉంటుంది. జొన్నలోనో మొక్కజొన్నలోనో కొట్టే 2,4-డి గాలికి కొట్టుకొచ్చిందంటే పొద్దుతిరుగుడు ఆకులు మెలితిరిగి ముడుచుకుపోతాయి. పక్క రైతు ఏ మందు ఎప్పుడు కొడుతున్నాడో కనుక్కోవడం కూడా ఈ పంటలో సేద్యంలో భాగమే.

వెడల్పాకు కలుపు తెచ్చిపెట్టే చిక్కుకు అమెరికాలో దొరికిన పరిష్కారం విచిత్రమైన దారిలో వచ్చింది. కాన్సాస్‌లో ఒక సోయా చేలో వరసగా ఏడేళ్లు ఇమజెథాపిర్ అనే కలుపు మందు కొట్టారు. 1996లో అక్కడ కొన్ని అడవి పొద్దుతిరుగుడు మొక్కలు ఆ మందుకు చావకుండా నిలబడ్డాయి. వాటిలోని ఒక ఎంజైములో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారింది. అలనీన్ ఉండవలసిన చోట వాలీన్ వచ్చి కూర్చుంది. శాస్త్రవేత్తలు ఆ కలుపు మొక్కల గింజలు సేకరించి పంట రకాలతో సంకరం చేశారు. ఆ వంశం నుంచి వచ్చిన, ఆ మందును తట్టుకునే రకాలు 2003 నాటికి బజారుకొచ్చాయి. కలుపు తన గుణాన్ని పంటకు అరువిచ్చిన సందర్భం ఇది. ఏడేళ్లలో ఒక కలుపు నేర్చుకున్న విద్యను మరో కలుపు నేర్చుకోవడానికి ఎన్నేళ్లు పడుతుందన్న ప్రశ్న కూడా దాని వెంటే వచ్చింది.

నల్లసముద్రం చుట్టుపక్కల, స్పెయిన్‌లో పొద్దుతిరుగుడును పీడించేది ఇంకో రకం కలుపు. మన ప్రకాశం, గోదావరి జిల్లాల పొగాకు రైతులకు పరిచయమైన పొగాకు మల్లె అనే పరాన్న మొక్కకు చుట్టం అది. దానికి ఆకుపచ్చదనం ఉండదు. ధూళి లాంటి గింజ ఏళ్ల తరబడి నేలలో ఎదురుచూస్తుంది. పొద్దుతిరుగుడు వేరు విడిచే ఒక లాక్టోన్ రసాయనం వాసన తగిలితేనే మొలిచి, ఆ వేరుకే నోరు పెడుతుంది.

ఇప్పుడు గట్టు దగ్గరికి వద్దాం. అక్కడున్నది వయ్యారిభామ. కాంగ్రెస్ గడ్డి అన్నా, ఢిల్లీ వాళ్లు గాజర్ ఘాస్ అన్నా ఇదే; రాజధానిలో రైలు పట్టాల వెంట, ఖాళీ స్థలాల్లో కూడా తెల్లగా పూసి కనిపిస్తుంది. మధ్య అమెరికా ప్రాంతపు మొక్క. 1955లో పుణెలో దీన్ని గుర్తించారు. ఆ తర్వాత కొన్ని దశాబ్దాల్లోనే దేశమంతా ఆక్రమించింది. ఒక్క మొక్క వేల గింజలు రాలుస్తుంది. మొలిచిన నాలుగైదు వారాల్లోనే పూతకొస్తుంది. తడి తగిలితే ఏ కాలంలోనైనా మొలుస్తుంది. దీని ఆకుల మీది సన్నని నూగులో పార్థెనిన్ అనే విష పదార్థం ఉంటుంది. గొడ్లు నోరు పెట్టవు. కలుపు తీసే ఆడవాళ్ల చేతులకూ మెడకూ వచ్చే దురద, పొక్కులు చాలామందికి ఏళ్ల తరబడి వదలవు. ఒకసారి ఒళ్లు దానికి ఎదురు తిరిగిందంటే అదే కుటుంబానికి చెందిన చామంతి, పొద్దుతిరుగుడు తాకినా కొందరికి పొక్కులు లేస్తాయి. వయ్యారిభామా పొద్దుతిరుగుడూ ఒకే కుటుంబంలో ఒకే శాఖకు చెందిన మొక్కలు. ఆ దగ్గరితనం వల్ల ఒకసారి శాస్త్రవేత్తలే చిక్కులో పడ్డారు.

1980లలో వయ్యారిభామను అరికట్టడానికి మెక్సికో నుంచి ఒక పెంకుపురుగును తెప్పించారు. పేరు జైగోగ్రామా బైకొలొరాటా. లేత పసుపు రెక్కల మీద నల్లని చారలుంటాయి. పిల్ల పురుగూ తల్లి పురుగూ రెండూ వయ్యారిభామ ఆకులే తింటాయి. ఇతర మొక్కల జోలికి పోదని పరీక్షించి చూసుకున్నాకే 1984లో బెంగళూరులో వదిలారు. కొన్నేళ్లకు గుట్టలు గుట్టలుగా పెరిగింది, చోటుచోటుకూ పాకింది. 1990ల మొదట్లో కర్ణాటకలో రైతులు ఆ పురుగును పొద్దుతిరుగుడు ఆకుల మీద చూశారు. ఆకులకు చిల్లులున్నాయి. కలుపును తినమని తెచ్చిన పురుగు పంట మీద పడిందని గగ్గోలు పుట్టింది. ప్రభుత్వం నిజనిర్ధారణ సంఘం వేసింది. పురుగును కొత్త చోట్లకు తీసుకెళ్లడం ఆగిపోయింది.

బెంగళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థలో కె.పి. జయంత్, ఆయన తోటివారు ఈ పొడుపుకథ విప్పారు. పురుగు కొరికిన పొద్దుతిరుగుడు ఆకుల మీద వయ్యారిభామ పుప్పొడి పడి ఉంది. తనకు అలవాటైన తిండి గుర్తు ఆ పుప్పొడిలో దొరకగానే పురుగు కింద ఉన్న ఆకును కూడా కొరికింది. పుప్పొడి లేకపోతే ఆ ఆకు దానికి తిండి కాదు. గట్టు మీద వయ్యారిభామ ఉన్నంత వరకే పొద్దుతిరుగుడు మీద పురుగు. పొద్దుతిరుగుడును ఆధారం చేసుకుని ఈ పురుగు సంతతి నిలబడదని తేలాక భయం తగ్గింది. ఆ పురుగు ఇప్పుడు తెలుగు జిల్లాల్లో కూడా వానాకాలంలో కనిపిస్తుంది. ఎండలు ముదిరితే మట్టిలో దూరి నిద్రపోతుంది, వానలతో మళ్లీ లేస్తుంది. పురుగు కొరికిన చిల్లుల కంటే, ఆకు మీద అంత పుప్పొడి ఎలా వచ్చి పడిందన్నదే అప్పుడు అందరినీ ఆలోచింపజేయవలసిన సంగతి. దాని అసలు బరువు తర్వాత కొన్నేళ్లకు తెలిసింది.

1997లో కర్ణాటక కోలారు ప్రాంతంలోని బాగేపల్లి దగ్గర పొద్దుతిరుగుడుకు వింత తెగులు కనిపించింది. అప్పటి అనంతపురం జిల్లా సరిహద్దుకు ఆనుకుని, ఇళ్లల్లో తెలుగు మాట్లాడే ఊళ్లున్న తాలూకా అది. ముందు ఆకు మీద పాలిపోయిన మచ్చలు, తర్వాత ఆకు మధ్య నుంచి ఎండిపోవడం, ఆ ఎండు తొడిమ మీదుగా కాండంలోకి దిగడం, చివరికి పువ్వు తల మెలితిరిగిపోవడం. లేతగా ఉన్నప్పుడు సోకితే మొక్క చచ్చిపోయింది. పూతకు ముందు సోకితే తలలో తాలు తప్ప గింజ లేదు. రెండు మూడేళ్లలో ఆంధ్ర, కర్ణాటక, మహారాష్ట్ర, తమిళనాడుల్లో నెక్రోసిస్ తెగులు పేరుతో పరుచుకుంది.

2000 వానాకాలంలో అనంతపురం వేరుశనగ మీద దెబ్బ పడింది. జిల్లాలో ఇంచుమించు 2,25,000 హెక్టార్లలో మొక్కలు మొవ్వు నుంచి కాండం దాకా నల్లబడి ఎండిపోయాయి. నష్టం 300 కోట్ల రూపాయలకు పైనే అని అంచనా వేశారు. చూడగానే అందరూ పాత మొవ్వుకుళ్లు తెగులే అనుకున్నారు, లక్షణాలు అంత దగ్గర. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు, రాజేంద్రనగర్‌లోని మొక్కల జన్యువనరుల కేంద్రం వాళ్లు కలిసి పరీక్షిస్తే మొవ్వుకుళ్లు వైరస్ ఆనవాలు దొరకలేదు. దొరికింది టొబాకో స్ట్రీక్ వైరస్. పొద్దుతిరుగుడును ఎండగొట్టిందీ అదే.

ఇది పాకే తీరు తెలిసినప్పుడు పుప్పొడి మళ్లీ ముందుకొచ్చింది. తామర పురుగు (త్రిప్స్) మోసే చాలా వైరస్‌లు దాని ఒంట్లో చేరి, లాలాజలంతో మరో మొక్కలోకి పోతాయి. ఈ వైరస్ అలా ప్రయాణించదు. అది వయ్యారిభామలో కాపురముంటుంది, కానీ వయ్యారిభామకు జబ్బు చెయ్యదు. మొక్క పచ్చగా, నిండుగా పూస్తూనే ఉంటుంది. దాని పుప్పొడి నిండా వైరస్ ఉంటుంది. ఒక్క మొక్క 60 కోట్లకు పైగా పుప్పొడి రేణువులు విడుస్తుందని లెక్కగట్టినవాళ్లున్నారు. గాలికి, తామర పురుగుల ఒంటికి అంటుకుని ఆ పుప్పొడి చేలోకి వచ్చి లేత ఆకుల మీద పడుతుంది. పుప్పొడి పడినంత మాత్రాన ఏమీ కాదు, ఆకు పైచర్మం దాన్ని లోపలికి రానివ్వదు. తామర పురుగు ఆకును గీకి రసం పీల్చినప్పుడు సన్నని గాయమవుతుంది. అదే గాయం దగ్గర రేణువు చితికితే దొంగకు తలుపు తెరిచిపెట్టినట్టే. పుప్పొడిని ఆకు మీద చల్లి, తామర పురుగులను వదిలి చేసిన ప్రయోగాల్లో తెగులు వచ్చింది.

ఈ ఒక్క సంగతి అర్థమైతే మిగతా సలహాలన్నీ వాటంతట అవే బోధపడతాయి. తామర పురుగు మీద వారం వారం మందు కొట్టినా తెగులు ఎందుకు ఆగలేదో తెలుస్తుంది. గాయం చెయ్యడానికి పురుగుకు క్షణాలు చాలు, గట్టు మీది నుంచి పుప్పొడి ప్రతి ఉదయం కొత్తగా వస్తూనే ఉంటుంది. తెగులు సోకిన పొద్దుతిరుగుడు మొక్కను పీకేసినా ఫలితం అంతంత మాత్రమే, అసలు నిల్వ ఉన్నది వయ్యారిభామలో. చేను చుట్టూ నాలుగు వరసలు దట్టంగా జొన్న వేసుకోమని ఎందుకు చెబుతారో కూడా తెలుస్తుంది. ఎత్తుగా లేచిన జొన్న, గాలిలో వచ్చే పుప్పొడినీ పురుగునూ తన ఆకుల మీదే ఆపుతుంది. జొన్నకు ఈ తెగులు రాదు. అయితే పొద్దుతిరుగుడు లేతగా ఉండే తొలి నెలకే జొన్న గోడ లేచి ఉండాలి, కాబట్టి ముందుగా విత్తుకోవాలి. ఇమిడాక్లోప్రిడ్‌తో విత్తనశుద్ధి చేస్తే ఆ తొలి రోజుల్లో తామర పురుగు గీకడం తగ్గుతుంది.

తుత్తురబెండ లాంటి మరికొన్ని కలుపు మొక్కల్లోనూ ఈ వైరస్ బయటపడింది. అయినా ఏడాది పొడుగునా పూసి, గాలిలోకి అంత పుప్పొడి వదిలేది వయ్యారిభామే. అందుకే గట్టు మీద పచ్చగా కనిపించినదల్లా తగలబెట్టమని నేను అనను. పొద్దుతిరుగుడు గింజ కట్టాలంటే తేనెటీగలు రావాలి. పంట పూయని నెలల్లో ఆ ఈగలకు తిండి పెట్టేవి గట్టు మీది తుమ్మి, తంగేడు, ఇంకా పేరు తెలియని పూల మొక్కలే. అన్నిటినీ చంపే మందు కొట్టి గట్టును బోడి చేస్తే తేనెటీగ పోతుంది. ఆ బోడి నేలలో అందరికంటే ముందు మొలిచేది మళ్లీ వయ్యారిభామే. ఏరి పీకడం కష్టమైన పని, కూలి ఎక్కువ. చేతులకు తొడుగులు లేకుండా ఆ పని ఎవరి చేతా చేయించకూడదు.

అశోకా రోడ్డుకు దగ్గర్లోని కృషి భవన్‌లోనే కేంద్ర వ్యవసాయ శాఖ చాలా కాలం నడిచింది. నూనెగింజల మీద నిర్ణయాలు ఎక్కువగా అక్కడే పుట్టాయి. 1990లలో ఇరవై లక్షల హెక్టార్లు దాటిన పొద్దుతిరుగుడు ఇప్పుడు అందులో పదో వంతుకు కాస్త అటూ ఇటూగా ఉంది. తెగులు ఒక్కటే కారణం కాదు. ధర, చిలకల బెడద, చవక దిగుమతులు, పత్తీ మొక్కజొన్నా శనగా లాగేసుకున్న నేల, అన్నీ కలిశాయి. నూనె కోసం ఉక్రెయిన్, రష్యా, అర్జెంటీనాల వైపు చూడడం అలవాటైంది. 2022 ఫిబ్రవరిలో యుద్ధం మొదలవగానే నూనె ప్యాకెట్ ధర ఎగబాకిన తీరు ఇంకా ఎవరూ మరిచిపోలేదు. 2024 అక్టోబరు 3న కేంద్ర మంత్రివర్గం 10,103 కోట్ల రూపాయలతో నూనెగింజల జాతీయ మిషన్‌కు ఆమోదం తెలిపింది. పొద్దుతిరుగుడు కనీస మద్దతు ధరను 2025-26కు క్వింటాలు 7,721 రూపాయలు చేశారు. మంచి విత్తనం, మంచి ధర రెండూ కావలసినవే. కానీ అనంతపురం అనుభవం తర్వాత గట్టును లెక్కలోకి తీసుకోని ఏ పొద్దుతిరుగుడు పథకమైనా సగం పథకమే అని నేను నమ్ముతున్నాను.

ఎందుకంటే గట్టు ఒక్క రైతుది కాదు. వయ్యారిభామ ఎక్కువగా పెరిగేది రోడ్ల వార, కాలువ కట్టల మీద, రైల్వే స్థలంలో, బడి వెనక, పంచాయతీ బంజరులో. ఒక రైతు తన గట్టు శుభ్రం చేసుకున్నా కాలువ కట్ట మీది పుప్పొడి అతని చేలోకి వస్తుంది. జబల్‌పూర్‌లోని కలుపు పరిశోధన డైరెక్టరేట్ ఏటా ఆగస్టు 16 నుంచి 22 దాకా వయ్యారిభామ నివారణ వారోత్సవం జరిపిస్తుంది. మన ఊళ్లలోనూ బడిపిల్లలు, అధికారులు కలిసి పీకి ఫోటోలు దిగుతారు. వానాకాలపు పంటకు ఆ వారం కొంత మేలు చేస్తుంది. అయితే తెలుగు రాష్ట్రాల్లో ఇప్పుడు మిగిలిన పొద్దుతిరుగుడులో ఎక్కువ భాగం యాసంగి పంట. ఆగస్టులో పీకిన చోట సెప్టెంబరు వానకు కొత్త మొలక లేస్తుంది. నాలుగైదు వారాల్లో పూస్తుంది. చేలో పొద్దుతిరుగుడు రెండాకుల మీద ఉన్న వేళకు అది సరిగ్గా పుప్పొడి వదులుతూ ఉంటుంది. ఊరంతా కలిసి చేసే రెండో పీకుడు అక్టోబరులో, గొర్రు కట్టడానికి ముందు, వయ్యారిభామ ఇంకా మొగ్గ తొడగని రోజుల్లో పడాలి. ఉపాధి హామీ పనుల్లో చేర్చగలిగితే కాలువ కట్టకూ రోడ్డు వారకూ కూడా చేతులు దొరుకుతాయి.